రెండు కళ్ల మైక్రోస్కోపు

ఆ శనివారం పొద్దున్నే తెమలాల్సిన పనులు చాలా ఉన్నాయి. కొళాయి ఆగిపోయేలోగా నీళ్లు పట్టాలి. డిపోకి కిరసనాయిలు వచ్చిందేమో కనుక్కోవాలి. తాతబాబు బోటు మిషను విప్పి మళ్లీ చూడాలి. డాబాగార్డెన్స్ వెళ్లి మైక్రోస్కోపు ఎంచుకోవాలి. హైదరాబాదు కంపెనీకి వస్తానో రానో రాసెయ్యాలి.

చివరి మూడూ చాంద్ సుల్తానా పనులు. నిజానికి ఆ మూడూ ఒకటే. సరైన మైక్రోస్కోపు దొరికితే తాతబాబు మిషను బాగవుతుంది, ఆమె వైజాగులోనే ఉండిపోతుంది. దొరక్కపోతే హైదరాబాదులో ఉద్యోగం సిద్ధంగా ఉంది.

అది ఎనభై నాలుగో సంవత్సరం. పాత పోస్టాఫీసు వెనక సందులో వాళ్ల ఇల్లు. ముందు గదే ఆమె తండ్రి గులాం మొహమ్మద్ గడియారాల రిపేరు కొట్టు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి చాంద్. బీయస్సీ ఎలక్ట్రానిక్స్ అయ్యాక తండ్రి బల్లకి ఒక పక్కన చోటు చేసుకుని రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేయడం మొదలుపెట్టింది. నీటి అడుగున చేపల గుంపు ఎక్కడుందో చూపించే మిషను ఒకటి మూడు వారాల కింద ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు యజమాని తాతబాబు తెచ్చిచ్చాడు. ఉప్పుగాలికి లోపలి సర్క్యూట్ పలక మీద వెంట్రుకంత రాగి దారులు చివికి తెగి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ కరిగించిన సోల్డరు లోహంతో అతకాలి.

చాంద్ నీళ్ల బిందె దించుతుండగానే తాతబాబు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటమ్మా, నా మిషనుకి ఆపరేషన్ అయిపోనాదా? లేపోతే ఇంకా మత్తు దిగలేదా?"

"ఇంకా కాలేదు మావయ్యా. మైక్రోస్కోపు లేకుండా చేస్తే పక్క దారి కూడా కాలిపోతోంది. నిన్న ఒకటి కాల్చాను."

"కాలిస్తే కాల్సేవు గానీ, సముద్రంలో గుడ్డోడిలా తిరగతన్నాను తల్లీ. ఇది బాగుసేసి సూపించు. జెట్టీలో బోట్లన్నీ నీ దగ్గరికే పంపిత్తాను."

అతను వెళ్లిన కాసేపటికి గులాం మొహమ్మద్ వచ్చాడు. తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజు నుంచి అటే ఎక్కడికో వెళ్లినట్టున్నాడు. చంకలో పాత దుప్పటిలో చుట్టిన మూట ఉంది. మొహం పెళ్లికొడుకులా వెలుగుతోంది.

"కళ్లు మూసుకో బేటీ."

దుప్పటి విప్పితే మెరుగుపెట్టిన ఇత్తడి మైక్రోస్కోపు. ఒకటే గొట్టం. కాలేజీలో ఉల్లిపొర చూసే రకం. ఒక కాలేజీ గోడ గడియారాలన్నీ బాగుచేసి, కూలి బదులు దాన్ని అడిగి తెచ్చుకున్నాడు.

"నాలుగొందల రెట్లు పెద్దది సేసి సూపిత్తాది. ఇంక నువ్వు హైదరాబాదు వెళ్లక్కర్లేదు."

తల్లి గులాబ్ బీ వంటింట్లోంచి చూస్తోంది. తండ్రి సంతోషం పాడుచేయడం ఇష్టంలేక చాంద్ పలకని అద్దం కింద పెట్టింది. అద్దం పలకకి అంటుకునేంత దగ్గరగా దిగితే గానీ బొమ్మ కుదరలేదు. సోల్డరింగ్ ఐరన్ దూరే సందు లేదు. చెయ్యి ఎడమకి జరిపితే బొమ్మ కుడికి పోతోంది.

"ఇది నా పనికి రాదు అబ్బా," అంది తండ్రితో.

"ఏల రాదు? కొత్త కదా, అలవాటవుతాది."

"అలవాటు గొడవ కాదు. నాకు రెండు గొట్టాలది కావాలి. రెండు కళ్లతో చూస్తేనే ఏది పైనుందో, ఏది కిందుందో తెలుస్తుంది. ఐరన్ మొన దారిని తాకిందో, పైన గాల్లో ఉందో తెలియకపోతే ఎలా అతుకుతాను?"

"పెళ్లికాని రోజుల కాణ్ణుంచి ఒక్క కంటికి భూతద్దం పెట్టుకునే ఈ ఇల్లు నడిపినాను. ఆవగింజంత మర బిగించినాను. రెండో కన్ను నాకెప్పుడూ అవసరం పడలేదు."

"మీ పని వేరు, నా పని వేరు. నేను రెండు వారాలుగా మొత్తుకుంటున్నది మీరు చెవిన పెట్టనేలేదు. మీకు నచ్చిందే నాకూ నచ్చాలి. ఇలాగైతే నాకు హైదరాబాదే నయం."

గులాం మొహమ్మద్ మైక్రోస్కోపుని మళ్లీ దుప్పటిలో చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం కుదరక దుప్పటి జారిపోతుంటే గులాబ్ బీ వచ్చి అందుకుంది.

"ఇద్దరూ కలిసి ఎల్లి, ఆ రెండు గొట్టాలదేదో సూసి రాండి," అంది. "ఇక్కడ అరుసుకుంటే గొట్టం రెండవుద్దా?"

డాబాగార్డెన్స్‌లో సైన్సు పరికరాల కొట్టు యజమాని నరసింహమూర్తి రెండు గొట్టాల మైక్రోస్కోపులు రెండు తీసి పెట్టాడు. చాంద్ తన సంచిలోంచి పాడైన పలక ఒకటి, చల్లారిన సోల్డరింగ్ ఐరన్ తీసింది. మొదటిది నలభై రెట్లు చూపిస్తుంది గానీ అద్దం పలకకి రెండు వేళ్ల ఎత్తులోనే ఉంది. ఐరన్ పడుకోబెట్టి దూర్చాలి, పొగంతా అద్దానికే పడుతుంది. రెండోది ఇరవై రెట్లే. కానీ అద్దానికీ పలకకీ మధ్య బెత్తెడు జాగా ఉంది. రెండు చేతులూ హాయిగా ఆడాయి. పాడైన దారి గట్టు తెగిన కాలవలా లోతుగా కనిపించింది.

"అబ్బా, మీరూ చూడండి. లోతు ఎలా తెలుస్తోందో."

ఆయన వంగి చూశాడు. "బాగుంది గానీ, మా భూతద్దంలోనూ ఇలాగే ఉంటాది."

"ఎడమ కంటికి కుదరలేదేమో సార్," అన్నాడు నరసింహమూర్తి. "ఒక్కొక్కరి కన్ను ఒక్కో రకం. కుడి కన్ను మూసి, ఎడమ గొట్టం మీది రింగు తిప్పండి. స్పష్టంగా కనిపించిన చోట ఆపండి."

గులాం మొహమ్మద్ కుడి కన్ను మూశాడు. రింగు తిప్పాడు. అటు చివరిదాకా తిప్పాడు, ఇటు చివరిదాకా తిప్పాడు.

"సరిపోనాది," అన్నాడు.

ఆయన లేవగానే చాంద్ ఎడమ కన్ను ఆ గొట్టానికి ఆనించింది. అంతా మసక. రింగు ఒక చివరన బిగుసుకుని ఉంది. అలా పెట్టి ఎవరూ ఏమీ చూడలేరు.

ఆమె తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆయన గాజు బీరువాలోని త్రాసులకేసి చూస్తున్నాడు.

ఇన్నేళ్లుగా కళ్లముందున్నవి ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. రోడ్డు దాటేటప్పుడు అమ్మ ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే నడుస్తుంది. చొక్కా చెయ్యి పట్టుకుని మరీ నడుస్తుంది. టీ గ్లాసు ఎడమ వైపు పెడితే తన్నేస్తాడని కుడి వైపే పెడుతుంది. అది వాళ్ల ముచ్చట అనుకునేది చాంద్.

"ఇప్పుడే వస్తామండీ," అని నరసింహమూర్తికి చెప్పి తండ్రిని బయటికి తీసుకొచ్చింది. పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఎప్పటినుంచి అబ్బా?"

ఆయన తప్పించుకోవాలని చూడలేదు.

"నువ్వు అప్పుడు అలిఫ్ బే అచ్చరాలు నేర్సుకుంటన్నావ్. పెద్ద గోడ గడియారం స్ప్రింగు విప్పుతుంటే సెయ్యి జారి ఎడమ కంటికి తగిలింది. పైకి ఏటీ కనపడదు. సూపు రాదని డాక్టరు అప్పుడే సెప్పేసినాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒంటి కన్నోడికి గడియారం ఎవడిత్తాడు బేటీ? మీ అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలీనివ్వలేదు. నువ్వు సిన్నపిల్లవి, సెబితే వీధంతా సెప్పేద్దువు. పెద్దదానివయ్యేసరికి ఇంక సెప్పడానికి మొహం సెల్లలేదు." టీ గ్లాసు చేతిలో తిప్పాడు. "పొద్దున్న నువ్వన్నది నిజమే. రెండో కన్ను ఏం పని సేస్తాదో నాకు గురుతు లేదు. నీకూ ఒకటి సాలనుకున్నాను. నీ మాట లెక్కలేక కాదు."

చాంద్‌కి కళ్లనీళ్లు ఆగలేదు. టీకొట్టువాడు చూస్తున్నాడని కూడా పట్టించుకోలేదు. "నేను పొద్దున్న అన్నవన్నీ..." అని మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయింది.

"ఎవర్నన్నావు, బయటోళ్లనా? నన్నే కదా. టీ తాగు, సల్లారిపోతాది."

"హైదరాబాదు వెళ్లను అబ్బా."

"నా కన్ను సూసి మానెయ్యకు."

"మీ కన్ను చూసి కాదు. ఆ రెండో మైక్రోస్కోపు నాకు నచ్చింది. మన కొట్లో బల్లా నచ్చింది."

గులాం మొహమ్మద్ నవ్వేశాడు. తర్వాత భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

బెత్తెడు జాగా ఉన్నదే, గులాం మొహమ్మద్ దాచుకున్న డబ్బుతో కొన్నారు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని చాంద్ తండ్రికి ఎడమ పక్కన కూర్చుంది. ఇంటికొచ్చాక గులాబ్ బీ ఇద్దరి మొహాలూ చూసింది. ఇంకో గుప్పెడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

మూడో రోజుకి తాతబాబు మిషను బాగైంది. ఆ తర్వాత జెట్టీ నుంచి బోట్లవాళ్లు వస్తూనే ఉన్నారు. చాంద్ అతుకు వేస్తుంటే, గులాం మొహమ్మద్ పక్కన కూర్చుని పలక కదలకుండా పట్టుకునేవాడు. ఆ చెయ్యి ఎన్నడూ వణకలేదు. మధ్యలో ఆమె లేచి "చూడండి అబ్బా" అంటే, కుడి కన్ను ఒక్కటే గొట్టానికి ఆనించి, "బాగా అతికింది" అనేవాడు. ఆయన మాటయ్యాకే ఆమె మిషను మూత బిగించేది.

గులాం మొహమ్మద్ ఇప్పుడు లేడు. ఇది చదివిన మీరు ఎప్పుడైనా సూదిలోకి దారం ఎక్కిస్తూనో, పిల్లల కాల్లో ముల్లు తీస్తూనో ఉంటే, ఒక్క కంటితో ఊరందరి గడియారాలూ నడిపించి, బిడ్డకి రెండు కళ్ల చూపు కొనిపెట్టిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.