సంపు గోడ మీద సుద్ద గీతలు

ఉదయం సరిగ్గా ఆరింటికి గనిలో పంపులు ఆగాయి. ఆరూ ఐదుకల్లా వాటికి టైమ్‌టేబుల్ రాసిన ఇంజనీరు ఊపిరి కూడా ఆగింది. మెడలో సన్నటి సూది.

గూఢచారి శాఖ బ్రీఫింగ్‌లో చీఫ్ ఏజెంటుకు రెండు ముక్కల్లో తేల్చేశాడు. గని లోతు రెండు కిలోమీటర్లు. ఊటనీరు తోడడానికే కరెంటు ఖర్చు తడిసి మోపెడవుతోంది. అందుకే రేటు మండిపోయే మూడు గంటలూ పంపులు ఆపి, నీటిని సంపులో నిలవ ఉంచి, రేటు తగ్గాక తోడుతున్నారు. ఈ పొదుపు, గనిని ముంచాలని చూస్తున్న ఒక విదేశీ ముఠాకు తెగ నచ్చింది. ఆ వేళలో పంపులు మూగబోతే ఎవరూ కంగారుపడరు. ముందు రాత్రి సంపు ఖాళీ కాకుండా చేస్తే చాలు, ఆ మూడు గంటల్లో పొర్లుతుంది. పొర్లితే నీళ్ళు నేరుగా అట్టడుగు సొరంగంలోకి. అక్కడ మూడొందల మంది.

"ముఠాలో మన మనిషి ఉంది. కన్సల్టెంట్ వేషం. నమ్మొచ్చు," అన్నాడు చీఫ్. ఆయన నమ్మమన్న వాళ్ళ వల్ల మన ఏజెంటు ఇప్పటికే రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు.

మర్నాడు ఏడున్నరకి అతను ఎనర్జీ ఆడిటర్ వేషంలో గనిలోకి దిగాడు. సంపు గట్టు మీద ఆమె ఎదురైంది. ఎర్ర లిప్‌స్టిక్, నల్లటి గ్లవ్స్.

"బిల్లు తగ్గిందా?"

"లోతు తగ్గలేదు."

కోడ్ సరిపోయింది. కంప్యూటర్ తెర కూడా సంపు సగమే నిండిందంటోంది. ముసలి పంపు ఆపరేటర్ మాత్రం, కింద సొరంగంలో అల్లుడు ఉన్నాడంటూ గొణుగుతున్నాడు. అరగంటకోసారి నీటిమట్టం దగ్గర గోడ మీద సుద్దతో గీత గీయడం అతని అలవాటు. ఇవాళ ఆ గీతలన్నీ ఎవరో చెరిపేశారట.

ఏజెంటు ఆమె గ్లవ్స్ చూశాడు. నల్ల తోలు మీద తెల్లటి పొడి.

లైటర్‌లో దాచిన సెన్సర్‌ని నీటి మీదికి తిప్పాడు. పొర్లడానికి పన్నెండు నిమిషాలు. కిందికి వెళ్ళే ఫోన్ తీగ తెగి ఉంది. లిఫ్టు వెళ్ళి రావడానికే ఇరవై నిమిషాలు. పంపుల స్విచ్ నొక్కితే ప్యానెల్ పాస్‌వర్డ్ అడిగింది.

"నన్ను చంపితే పాస్‌వర్డ్ కూడా నాతోనే పోతుంది," ఆమె నవ్వింది.

"చంపను." ఆమెను సంపు నిచ్చెన దింపి, ఇనుప మెట్టుకు బేడీలు బిగించాడు. నీళ్ళు ఆమె నడుము దాకా ఉన్నాయి. సుద్దముక్కతో పక్క గోడ మీద మూడు గీతలు గీశాడు. "ఇది నీ భుజం. ఇది గడ్డం. ఇది ముక్కు. సంపు అంచు ఇంకా పైన ఉంది. ముందు నీ వంతే."

"వద్దండీ అయ్యా. ఎంతైనా మనిషి కదా," బతిమాలాడు ఆపరేటర్.

"మీ అల్లుడు ఏ లెవెల్లో ఉన్నాడు, పెద్దాయనా?"

ముసలాయన కళ్ళు తుడుచుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

భుజం గీత మునిగింది. ఆమె తిట్టింది. గడ్డం గీత మునిగింది. ఆమె బేరం పెట్టింది. ఏజెంటు వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె నోరు విప్పకుండా మునిగితే మూడొందల మందీ ఆమె వెనకే పోతారు. మూడో గీతను నీరు తాకుతుండగా, ఆమె తల పైకెత్తి, నీళ్ళు ఉమ్ముతూ ఎనిమిది అంకెలు చెప్పింది.

నీరు సంపు అంచుకు నాలుగు వేళ్ళ దూరంలో ఉండగా పంపులు గర్జించాయి. ఆమె ముక్కు బయటపడేదాకా అతను బేడీలు విప్పలేదు.

వారం తర్వాత గని మేనేజరు నుంచి మెమో వచ్చింది. కరెంటు రేటు మండిపోయే వేళలో పంపులు ఎందుకు నడిపారో సంజాయిషీ ఇవ్వాలట.

"కన్సల్టెంట్ గారి సలహా మేరకు," అని రాసి సంతకం పెట్టాడు ఏజెంటు.