చీమలు మోసుకెళ్లే మూల

మా తమ్ముడు రద్జీ మీద నాకింకా కోపం పోలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథ విని నన్ను ఓదార్చడానికి ఎవరూ రావద్దు.

తైపింగ్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను కీచురాళ్లు పెంచుతాను. గాజు పెట్టెల్లో చీమల్ని పెంచుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల చీమలకి మేత నా దగ్గర్నుంచే వెళ్తుంది. ఎవరి పెట్టెకి ఏ పురుగు సరిపోతుందో నాకు తెలుసు. పది చీమలుంటే కీచురాయి తొడ ఒక్కటి చాలు. వందలుంటే రెక్కలు తీసి, వేడినీళ్లలో ముంచి, నిండు పురుగునే ఇస్తాను. మూడు రోజులు గుమ్మడికాయ ముక్కల మీద ఉంచనిదే ఏ పురుగూ నా గడప దాటదు. బయట పట్టిన పురుగైతే చచ్చినా ఇవ్వను. అది ఏ మందు తిని వచ్చిందో ఎవడికి తెలుసు?

మొన్న వానల్లో నాకు జ్వరమొచ్చి వారం మంచం దిగలేదు. షెడ్డు రద్జీకి అప్పజెప్పాను. వాడు నీళ్లు పెట్టడం కూడా బద్ధకించి సగం కీచురాళ్లని చంపేశాడు. ఆ మంగళవారమే మా వీధిలో దోమలకి మందు పొగ కొట్టారు. ఆ పొగకి కాలవలోంచి బొద్దింకలు పైకొచ్చి, తూలుతూ, రోడ్డంతా వెల్లకిలా పడ్డాయి. ఈ మహానుభావుడు వాటిని చీపురుతో ఊడ్చి, డబ్బాల్లో వేసి, అక్క పంపిందని చీమల పెట్టెలవాళ్లకి ఇచ్చొచ్చాడు.

శనివారం మధ్యాహ్నం, నా దగ్గర మేత కొనే గో టీచర్ వచ్చింది. స్కూల్లో పని మానేశాక ఆవిడకి ఆ చీమలే లోకం. ఆవిడ పెట్టెలో రాణికి పదకొండేళ్లు. ఆ పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నాలుగువందల చీమలు తడి దూది మీద ముడుచుకుని ఉన్నాయి. పుల్లటి వాసన. మధ్యలో రాణి, కాళ్లు పైకి పెట్టి...

"రమ్లా, ఇవి నీ పురుగులేనా?" అని మెల్లగా అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. రద్జీ అరుగు మీద కూర్చుని అరటిపండు బజ్జీలు తింటున్నాడు. అడిగితే దాచలేదు కూడా.

"చీమలే కదక్కా! ఇంత పంచదార చల్లు, టీచర్‌కి వెయ్యి వస్తాయి," అని నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది. పెట్టె ఎత్తి వాడి నెత్తిన బోర్లించాను. చచ్చిన చీమలు, తడి దూది, మట్టి, అన్నీ వాడి జుట్టులోకి, మెడలోకి జారాయి. పెట్టె మూతతో అదిమి మరీ రుద్దాను. "నవ్వరా! ఇప్పుడు నవ్వు!"

టీచర్ నా చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా... ఆ వాసన అంటించకు."

ఆవిడ దేని గురించి అందో నాకు తెలుసు. చీమలు చావుని వాసనతోనే పోల్చుకుంటాయి. చచ్చినదాని వాసన బతికున్న చీమకి అంటితే, మిగతావి దాన్ని ఎత్తుకెళ్లి చెత్త మూలలో పడేస్తాయి. అది కాళ్లు కొట్టుకున్నా వినవు. లేచి వస్తే మళ్లీ మోసుకెళ్తాయి. వాసన పోయేదాకా, అంటే రెండ్రోజులు, అదే పని.

"వీడేమన్నా చీమా టీచర్?" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం హోరున వాన. రద్జీ కిటికీ కింద చాప వేసుకుని పడుకున్నాడు. నేను వరండాలో గుమ్మడికాయ కోస్తున్నాను. ఉన్నట్టుండి వాడు పెడబొబ్బ పెట్టాడు.

వెళ్లి చూస్తే ఒళ్లంతా చీమలు. కుట్టడం లేదు. ఒక్కోటీ ఒక్కో వెంట్రుకనీ, లుంగీ అంచునీ పట్టుకుని లాగుతున్నాయి. "బాగా అయింది నీకు," అంటూ చీపురుతో దులిపాను. అప్పుడు చూశాను. చాప కిటికీ కిందే ఉంది. వాడు వంటింటి గుమ్మం దగ్గరున్నాడు.

"దొర్లావా?"

"లేదక్కా... లాగాయి."

వంటింటి వెనక పెరడు. పెరట్లో, షెడ్డు పక్కన, నేను పురుగుల కాళ్లూ రెక్కలూ పొట్టూ పారబోసే కుప్ప. మా ఇంటి చెత్త మూల అదే.

వాడికి మూడుసార్లు తలంటు పోశాను. సబ్బు, నిమ్మకాయ, బూడిద... దేనికీ ఆ వాసన వదల్లేదు. సాయంత్రం కుర్చీలో కునికాడు. కళ్లు తెరిచేసరికి కుర్చీతో సహా వెనక మెట్టు మీద ఉన్నాడు. ఈసారి చీమలు ఒక జాతివి కావు. నల్లవి, ఎర్రవి, కంటికి ఆననంత సన్నవి. ఎదురుపడితే ఒకదాన్నొకటి చంపుకునేవి... పక్కపక్కనే నడుస్తున్నాయి.

"అక్కా, ఎన్నాళ్లిలా?" అన్నాడు రద్జీ.

"ఇంకొక్క రాత్రి. తెల్లారితే వాసన పోతుంది."

"నువ్వు మేలుకుని ఉంటావుగా?"

"ఉండక చస్తానా! పడుకో, వెధవా."

వాడి మణికట్టుకీ నా మణికట్టుకీ తువ్వాలు ముడేశాను. చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వస్తున్నకొద్దీ ఊడ్చాను. వాడిని తిట్టాను, చీమల్ని తిట్టాను, నా చేతుల్ని తిట్టుకున్నాను. అంత కోపం నాకెందుకు ఇచ్చావు దేవుడా అని ఏడ్చాను. షెడ్డులో రాత్రంతా అరిచే కీచురాళ్లు ఒక్కటీ అరవలేదు. నేల మీద ఇసుక జారుతున్నట్టు చప్పుడు... ఆగుతుంది... మళ్లీ మొదలవుతుంది...

మసీదులో తెల్లవారుజాము నమాజు పిలుపు వినబడింది. గండం గడిచిందనుకున్నాను.

కళ్లు మూశాను. ఒక్క క్షణమే.

తెరిచేసరికి తెల్లగా వెలుతురు. తువ్వాలు ముడి అలాగే ఉంది. రద్జీ చాప మీద హాయిగా నిద్రపోతున్నాడు. ఇల్లంతా వెతికినా ఒక్క చీమ లేదు. వంగి వాడి జుట్టు వాసన చూశాను. ఏమీ లేదు. బతికాడు! ముడి విప్పి, చెంప మీద మెల్లగా ఒకటేసి, కళ్లు తుడుచుకుని కీచురాళ్లకి నీళ్లు పెట్టడానికి పెరట్లోకి వెళ్లాను.

చీమలు అక్కడున్నాయి. బారులు తీరి, తీరిగ్గా, వేటి పుట్టకి అవి వెళ్లిపోతున్నాయి.

కుప్ప ఎత్తు పెరిగింది.

చీపురుతో పొట్టు కొంచెం పక్కకి లాగాను. లుంగీ అంచు కనబడింది. ఇంకొంచెం లాగాను. జుట్టు. చీపురు పారేసి చేతుల్తో తవ్వాను. మా రద్జీ మొహం... కళ్లు తెరిచే ఉన్నాయి. నోటి నిండా పురుగుల రెక్కలు కుక్కి ఉన్నాయి. చెంప చల్లగా ఉంది.

"ఒక్క కేక వెయ్యలేకపోయావురా? చెయ్యి కదిపినా లేచేదాన్ని కదరా!" పళ్లు బిగించి వాడి భుజాలు పట్టుకుని ఊపేశాను.

వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడైంది.

"అక్కా," రద్జీ గొంతే. "పెరట్లో ఏం చేస్తున్నావు? లోపలికి వచ్చి కూర్చో. టీ నేను పెడతాను."

నలభై ఏళ్లలో మా రద్జీ నాకు ఒక్కసారి కూడా టీ పెట్టలేదు.