కోయని పేజీలు

ఉదయం తొమ్మిదింటికి గాజు బీరువాలో పుస్తకం లేదు.

"అరుదైన ఫ్రెంచి పుస్తకం. బొమ్మని చెక్క మీద చెక్కి, సిరా పూసి, నేరుగా కాగితానికి అద్దిన అసలు అచ్చు," అన్నాడు ఇంటాయన. "సాయంత్రం ఎగ్జిబిషన్‌లో పెట్టాలి. ఊరందర్నీ పిలిచాను. ఈ బైండరే తీశాడు."

"పెట్టె చెయ్యడానికి కొలతలు తీసుకుని వెళ్ళిపోయాను సార్," అన్నాడు బైండర్. "దొంగన్న పేరొస్తే నాకిక పనెవరిస్తారు?"

ఇన్‌స్పెక్టర్‌కి విసుగొచ్చింది. తాళం పగల్లేదు. ఫింగర్‌ప్రింట్స్ ఇంట్లోవాళ్ళవే. గానుగెద్దులా తిరిగి తిరిగి మొదటికే వస్తున్నాడు.

"అందులో బొమ్మలెన్ని?"

"తెలీదు."

"మీ పుస్తకమేగా?"

"ఆ రోజుల్లో అచ్చేసిన కాగితాన్ని మడిచి, మడతల అంచులు కొయ్యకుండానే పుస్తకం కుట్టి అమ్మేవారు. కోస్తే విలువ పోతుంది. పైకి కనిపించేవే చూశాను."

కొన్నవాడికే చూసే యోగం లేదన్నమాట. ఇన్‌స్పెక్టర్ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు.

గట్టు మీద పళ్ళు కోసే కత్తి. పిడి దగ్గర తెల్లటి నూగు. పొద్దున కూడా చూశాడు. దూది అనుకుని వదిలేశాడు. తనని తానే తిట్టుకున్నాడు.

అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.

"ఇది కాగితం నూగు. ఎవరో పేజీలు కోశారు. అమ్ముకునే దొంగ సరుకు విలువ తనే చెడగొట్టుకోడు. కోసినవాళ్ళకి బొమ్మలు చూడాలనిపించింది, అంతే. బీరువా తాళం, వంటింటి కత్తి రెండూ అందేది ఇంట్లోవాళ్ళకే; ఈయనైతే కొయ్యరు." ఇంటావిడ వైపు తిరిగాడు. "ఎక్కడ పెట్టారమ్మా?"

ఆవిడ పాత దుప్పట్ల మడతల్లోంచి పుస్తకం తెచ్చింది. "ఇది గడప దాటేలోపు ఒక్కసారి చూద్దామనుకున్నా."

"నాశనం చేశావే," అన్నాడు ఇంటాయన.

"పేజీ వెనక తడమండి. అసలు అచ్చయితే చెక్క నొక్కిన గాట్లు వేలికి తగలాలని మీరే చెబుతుంటారుగా."

మొదటి పేజీకి తగిలాయి. లోపలివన్నీ నున్నగా ఉన్నాయి. మెషీన్‌లో తీసిన కాపీలు. మడత ఎవరూ కొయ్యరని అమ్మినవాడి ధైర్యం.

"నలుగురిలో మీ పరువు పోకూడదని దాచాను. పాపం, నింద ఈ బైండర్ మీదికొస్తుందనుకోలేదు."

ఇంటాయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత బైండర్ చెయ్యి పట్టుకుని, "తప్పు నాదయ్యా," అన్నాడు. ఇన్‌స్పెక్టర్ కంప్లైంట్ కాగితం చింపేశాడు.

బీరువా నిండా ఇంకా కోయని పుస్తకాలు. ఇంటాయన కత్తి తీసుకున్నాడు. మడత దాకా తెచ్చి ఆగాడు. దాన్ని భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వు కొయ్యి," అన్నాడు. "నేను తడుముతాను."