కడుపుతో ఉన్న తుపాకి

వానలు వెలిసిన మూడో రోజు పొద్దున్నే చెంచు అంకన్న కొలిమి ముందు నిలబడి, బురద పట్టిన ఇత్తడి రేకొకటి ఇనుప దాగలి దిమ్మ మీద విసిరేశాడు.

"గబ్బిలాల గవి వంకలో కొట్టుకొచ్చింది. ఎవురిదో చూడు, ఆచారీ!"

కంబగిరాచారి రేకును చింతపండుతో తోమాడు. మూడు గీతలు, కింద చేప. అది తన తాత ముద్ర. తాను చేసిన తుపాకుల మీద తప్ప ఆయన దాన్ని ఇంకెక్కడా కొట్టేవాడు కాదు.

అరవై ఏళ్ల కింద ఆ తాత, అంకన్న తాత, ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క నాటు తుపాకి పట్టుకుని నిధి కోసం ఆ గబ్బిలాల గుహలోకి పోయారు. ఆ పగలు ఊళ్లోకి ఒక్కటంటే ఒక్క 'ఢామ్' వినిపించింది. ఇద్దరూ తిరిగి రాలేదు. ఆచారి తాత అంకన్న తాతను కాల్చి సొమ్ముతో ఉడాయించాడని ఊరు తీర్పు చెప్పేసింది. కుండకు మూకుడుంది గానీ ఊరి నోటికి మూకుడేదీ? అప్పటినుంచీ అంకన్న ఇంటివాళ్లు ఈ కొలిమిలో గొడ్డలికి పదును కూడా పెట్టించుకోలేదు.

"తుపాకి ఆడనే ఉంటాది. పేలిన తుపాకైతే నీ దాగలి వంకలో పారేసి ఊరిడిచి పోవాల," అన్నాడు అంకన్న.

"పోతా!" అన్నాడు ఆచారి. పౌరుషానికి అన్నాడే గానీ ఆ పగలు ఏం జరిగిందో అతనికీ తెలీదు.

"నేనూ వస్తా మామా," అంటూ అల్లుడు ఓబులేసు లేచాడు. మామ పరువు కోసం కాదు, నిధి మాట చెవిన పడింది మరి!

గవిలో నడుం వంచి నడిచారు. ఆ తర్వాత పాకారు. అంకన్న చేతిలోని దివిటీ వెలుగుకు గబ్బిలాలు మొహాల మీదికి ఎగబడ్డాయి. చివరికి కూలిన బండల కింద రెండు అస్థిపంజరాలు కనిపించాయి. ఒకదాని చెయ్యి రెండోదాని భుజం మీద ఉంది. పక్కనే తుప్పు పట్టిన తుపాకి. ఇంకాస్త లోపల, బండ సందులో, రాగి బిందె అంచు.

అంకన్న దివిటీ దించి ఆ చేతి వంకే చూశాడు.

ఆచారి జేబులోంచి రేకు తీసి తుపాకి మీద ఖాళీగా ఉన్న చోట ఆనించాడు. ఇట్టే అతికింది. తాను తెచ్చిన ఇనుప చువ్వను గొట్టంలోకి దించి, ఆగిన చోట గోటితో గుర్తు పట్టి, బయటికి లాగి గొట్టం పక్కన పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్లు తక్కువ!

"దివిటీ వెనక్కి తియ్! కడుపుతో ఉండాది!"

"ఎవురు మామా?" ఓబులేసు దిక్కులు చూశాడు.

"తుపాకిరా! మందూ గుండూ లోపలే ఉండాయి. ఎన్నేళ్లైనా మందు మందే. రవ్వ పడితే పేల్తాది!"

"మట్టి దూరిందేమో," అన్నాడు అంకన్న.

ఆచారి జవాబిచ్చేలోగా ఓబులేసు బిందె పట్టి లాగాడు. పైన బండ కిర్రుమంది.

"వదల్రా!"

"కదుల్తాంది మామా, ఇంకొంచెం..."

బండ కూడా కదిలింది. అంకన్న ఓబులేసు జుట్టు పట్టి ఇవతలికి ఈడ్చాడు. ఆచారి తడి తువ్వాలను మందంటుకునే చెవి రంధ్రానికి చుట్టి తుపాకిని గుండెలకు హత్తుకున్నాడు. దివిటీ రవ్వలు దాని మీదికే రాలుతున్నాయి. అది చూసి అంకన్న దివిటీని నీటిగుంటలో ముంచేశాడు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి!

"నా మొలతాడు పట్టుకోండి! వదిలితే చస్తారు!" అని అరిచాడు అంకన్న.

తడుముకుంటూ, తల కొట్టుకుంటూ, పాకుతూ వెలుగులో పడ్డారు. వెనక గవి కూలింది.

ఢామ్!

మేకల కాపరి ఒకడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఎవురిని కాల్చినారయ్యా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంకన్న కూలిన గవి వైపు తిరిగాడు.

మర్నాడు కొలిమి ముందు ఊరంతా మూగింది. తుపాకి చెవిలోంచి నీళ్లు పోసి పూటంతా మందు నానబెట్టాక, ఆచారి కొసన మర ఉన్న చువ్వను గొట్టంలోకి దించి తిప్పి లాగాడు. ముందు పీచు వచ్చింది. ఆ వెనక సీసపు గుండు జారి పడింది. దాన్ని తుడిచి అంకన్న అరచేతిలో పెట్టాడు.

"మీ తాత గుండెల్లో దిగిందని అరవై ఏళ్లుగా చెప్పుకున్న గుండు ఇదే."

అంకన్న పిడికిలి మూసి చాలాసేపు ఏడ్చాడు. తర్వాత భుజం మీది గొడ్డలి తీసి దాగలి మీద పెట్టాడు.

"మొండిబారింది. పదును పెట్టన్నా."