మడవ దగ్గర అక్రిమోనియస్

"అక్రిమోనియస్! అంటే మనసులో విషం పెట్టుకుని మాటలతో పొడుచుకునే రకం. ఎక్కువగా మనిషికి కాదు, గొడవకి వాడతాం. ఉపేంద్రా, ఒక సెంటెన్స్ చెప్పండి."

నరసరావుపేట బ్యాంక్ కోచింగ్‌లో నీరజ ఇంగ్లీషు చెబుతున్నంతసేపూ ఉపేంద్రకి ఆమె జడ తప్ప బోర్డు కనిపించదు.

"మీ నాన్నకీ మా నాన్నకీ ఉన్న గొడవ అక్రిమోనియస్, మేడమ్!"

క్లాసంతా గొల్లుమంది. నీరజ మొహం కందగడ్డయింది.

క్లాసయ్యాక మెట్ల దగ్గర పట్టుకుంది. "బుద్ధుందా నీకు? పైగా యూసేజ్ తప్పు. వాళ్ల మధ్య అసలు మాటలుంటే కదా!"

నిజమే. నకరికల్లులో పక్కపక్క పొలాలు. గట్టు తగువొచ్చిన నాటినుంచీ ఉపేంద్ర నాన్న యల్లమంద, నీరజ నాన్న అమరేశ్వరరావు పలకరించుకోరు. కాలవ నీళ్ల వంతు తీరగానే యల్లమంద గట్టు మీద పార గుచ్చి పోతాడు. అది చూసి అమరేశ్వరరావు వచ్చి, మడవ తన చేలోకి తిప్పుకుంటాడు.

"పొద్దున మా నాన్నకి మన సంగతి చెప్పేశా," అన్నాడు ఉపేంద్ర. "వినగానే పార తీసుకుని పొలం పోయాడు."

"ఓరి దేవుడా, పార తీసుకునా!"

ఇంతలో అమ్మ కోటమ్మ ఫోను. "ఒరేయ్, మీ నాన్నా ఆ పిల్ల నాన్నా కాలవకాడ అరుచుకుంటన్నారంట. బిరాన రా!"

అంతా తన నోటిదురుసువల్లే అనుకున్నాడు ఉపేంద్ర. నీరజని బండెక్కించుకుని కాలవ దగ్గరికి ఉరికించాడు.

గట్టు మీద పార గుచ్చి లేదు. యల్లమంద భుజాన ఉంది.

"పెళ్లి నా ఇంటి ముందే జరగాల! ఏంది నీ దబాయింపు?" అంటున్నాడు అమరేశ్వరరావు.

"పేటలో ఏసీ హాలంటే నీకేంది నొప్పి, బావా?"

బావా! ఉపేంద్ర గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఇయ్యాల పార గుచ్చబుద్ధి కాలేదురా," అన్నాడు యల్లమంద కొడుకుతో. "నీళ్లు తిప్పుకో బావా అని నోరారా పిలిచి, పిల్లనడిగా. చానా తేలిగ్గా ఉంది."

"మేడమ్, ఇది అక్రిమోనియసేనా?"

"విషమేదీ ఇందులో? ఇది ఉత్త అరుపులు." నీరజ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

హాలా, ఇల్లా అని మళ్లీ మొదలెట్టారు పెద్దలిద్దరూ. నీళ్లు గట్టెక్కి పొర్లుతున్నాయి. నీరజ ముందుకెళ్లి చెయ్యి చాపింది.

"ఆ పార ఇటివ్వండి, మామయ్యా. మడవ నేను తిప్పుతా."

యల్లమంద తగువాపి, భుజాన ఉన్న పార దించి ఆమె చేతికిచ్చాడు.