మోగీ మోగని గంట

యలమందయ్య శవం మిర్చి టిక్కీ బస్తాల మధ్య బోర్లా పడి ఉంది. ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అమోనియా ముందు గుడ్డపేలిక ఏం ఆగుతుంది, పాపం!

నల్లపాడు దాటాక వచ్చే మార్కండేయులు కోల్డ్ స్టోరేజీ అది. మధ్యాహ్నం రెండూ ఇరవైకి పైపు పగిలింది. తోటి హమాలీలు షెడ్డులో అన్నాలు తింటున్నారు. యలమందయ్య ఒక్కడే లోపల ఉన్నాడు. అతని కోసం దూకిన ఆపరేటర్ సాదిక్ ఊపిరితిత్తులు కాలిపోయి గుంటూరు పెద్దాసుపత్రిలో పడ్డాడు.

మర్నాడు సి.ఐ. రాజేశ్వరి ఆఫీసులో కంప్యూటర్ తెర చూసింది.

గ్యాస్ లీక్. గంట మోగింది. గంట ఆగింది.

"చూశారుగా మేడం!" మార్కండేయులు గొంతు పెంచాడు. "కంచే చేను మేసింది. నిద్ర చెడిందని సాదిక్ గాడు మీట నొక్కి గంట ఆపేశాడు."

సాదిక్‌ని ఆమె పొద్దున్నే అడిగి వచ్చింది. "నిద్రపోయాను మేడం. ఘాటుకి మెలకువొచ్చింది. గంట నేనే ఆపానేమో, గుర్తులేదు" అన్నాడు. ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. నిద్ర కోసం గంట ఆపేవాడు విషపు గాలిలోకి దూకుతాడా? డాక్టర్లేమో తెల్లారేదాకా ఉండడంటున్నారు. హంతకుడన్న పేరుతోనే పోతాడా మనిషి?

"షెడ్డులో వాళ్ళకి గంట వినపడిందా?"

"లేదంట. కబుర్లలో పడితే ఆళ్ళకి పిడుగు పడ్డా వినపడదండీ."

"రైల్వే స్టేషన్ దాకా వినపడే గంట కదా?"

మార్కండేయులు మళ్ళీ తెర వైపే వేలు చూపించాడు.

మూల కుర్చీలో నతానియేలు మాస్టారు ఉన్నారు. రిటైరైన లెక్చరర్. గంట మోగించే ప్రోగ్రాం ముప్పై ఏళ్ళ కిందట రాసింది ఆయనే.

"పాత కంప్యూటర్ కాలిపోయింది. డాస్ ప్రోగ్రాం కొత్తదాంట్లో నడవదన్నారు అందరూ. నడిపించాను. ఒక్క అక్షరం మార్చలేదమ్మా!" అన్నారు గర్వంగా.

అప్పుడే చీపురుతో నాంచారమ్మ వచ్చింది. యలమందయ్య భార్య. ఆ ఆఫీసు ఊడ్చేది ఆమే. మొగుడు పోయిన మర్నాడే పనిలోకి వచ్చింది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందట.

"ఆ సాదిక్ గాడి నోట మన్ను పడ!"

"నాంచారమ్మా, కొత్త కంప్యూటర్ వచ్చాక ఏమన్నా మారిందా?"

"నాకేం తెలుసమ్మా. ఇదివరకు కంప్యూటర్ మీట నొక్కితే తెర మీద అక్షరాలు ఒక్కోటీ నింపాదిగా వచ్చేయి. అయ్యి వచ్చేలోపు సగం గది ఊడ్చేదాన్ని. ఇప్పుడు తళుక్కుమని మాయమైపోతన్నాయి."

రాజేశ్వరి చటుక్కున లేచింది. మాస్టారు చేత గంటని మళ్ళీ సిద్ధం చేయించి, అమోనియాలో తడిపిన గుడ్డ తెప్పించి, గ్యాస్ కనిపెట్టే పరికరం దగ్గర పెట్టించింది.

గంట 'టిక్' మంది. అంతే.

తెర మీద మాత్రం వచ్చింది: గంట మోగింది. గంట ఆగింది.

"మాస్టారూ, గంట ఎంతసేపు మోగాలో మీ ప్రోగ్రాంకి ఎలా తెలుసు?"

"అంకెలు లెక్కపెడుతుంది. లెక్క పూర్తయితే ఆపేస్తుంది. మనిషి వచ్చి మీట నొక్కేదాకా మళ్ళీ మోగదు. పాతదానికి ఐదు నిమిషాలు..."

"కొత్తదానికి రెప్పపాటు" అంది రాజేశ్వరి. "గంట ఎవరూ ఆపలేదు. మోగేలోపే లెక్క అయిపోయింది. బిగించాక ఒక్కసారైనా మోగించి చూశారా?"

"చూద్దామన్నాను." మాస్టారు యజమాని వైపు తిరిగారు. "మార్కండేయులు గారే వద్దన్నారు."

"సీజన్ అండీ! గంట మోగితే కూలీలు టిక్కీలు పడేసి పరిగెడతారు. మళ్ళీ లోపలికి రారు."

తిలా పాపం తలా పిడికెడు! మాస్టారు రెండు చేతులూ ముందుకు చాచారు. "నన్ను తీసుకెళ్ళమ్మా."

నాంచారమ్మ చీపురు వదిలేసి నేల మీద కూలబడింది. "అయితే నేనిప్పుడు ఎవర్ని తిట్టుకోనమ్మా?"

రాజేశ్వరి జీపు ఆసుపత్రికి ఉరికింది. సాదిక్ ఇంకా ఉన్నాడు. అతని చెవి దగ్గర వంగింది.

"నువ్వు ఆపలేదు సాదిక్. గంట అసలు మోగనేలేదు."

అతని కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. మాస్కు పక్కకి లాగాడు.

"నిద్రపోయిన మాట నిజం మేడం. మోగుంటే... లేచేవాణ్ణా?"

"లేచేవాడివే" అంది రాజేశ్వరి తడుముకోకుండా.

సాదిక్ ఆమె ముఖంలోకి చూశాడు.

"మీకెలా తెలుసు?" అన్నాడు.