గోడలు మింగిన పొగ

ఎర్రపొగ నిండిన గాజుపెట్టెలో డాక్టర్ మందాకిని ఒక నల్లపలక పెట్టింది. పావుగంటలో పొగ మాయమైంది. అప్పుడు కోడిపెట్టను లోపలికి వదిలింది. అది గింజలు ఏరుకుంటూ తిరిగింది.

బ్రోమిన్ కార్ఖానా పక్క కాలనీవాళ్ళు చప్పట్లు కొట్టారు. సన్యాసమ్మ మాత్రం కొట్టలేదు. కార్ఖానా వదిలే ఆ పొగకే ఇద్దరు మనవల్ని పోగొట్టుకుంది. కోడలు నూకరత్నానికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

"కోడి బతికింది సరే డాకటరమ్మా, పొగ ఏటైపోనాది?"

"ఈ గ్రాఫైట్ పలకలోనే ఉంది. ఇందులో కార్బన్ పొరలు అప్పడాల కట్టలా ఉంటాయి. బ్రోమిన్ అణువులు ఆ సందుల్లో దూరి వరసగా పడుకుంటాయి. వేడి తగిలితే పొరలు చీల్చుకుని అన్నీ ఒక్కసారే లేస్తాయి. అందుకే ఇంట్లో పొయ్యి వద్దు, దీపం వద్దు."

"కార్ఖానాలో కారే ఆ గొట్టాలేవో బిగిస్తే పోదేటి?"

"అది కార్ఖానావాళ్ళ పని."

ప్రతి ఇంటి గోడకూ లోపల పలకలు బిగించారు. గోడలు మింగుతున్నాయి కదా అని కార్ఖానావాళ్ళు కారే గొట్టాలను పట్టించుకోవడమే మానేశారు. తప్పుకు చోటు దొరికితే దిద్దుకునేవాడు ఉండడు.

సన్యాసమ్మ వంట పెరట్లోకి మార్చింది. చీకట్లోనే అన్నం తింది. మనవడు పుట్టాడు.

పదకొండో రోజు పెరట్లో నీళ్ళు కాచి బిడ్డకు స్నానం చేయించింది. మూకుడులో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, బయట గాలి తగలకూడదని గదిలోకి తెచ్చి గోడవార పెట్టింది. గ్రాఫైట్‌లో వేడి ఇట్టే పాకుతుంది. పలకలు ఉబ్బి ఫెళ్ళున విచ్చుకున్నాయి. గది ఎర్రబడిపోయింది. చేతిలో ఉన్న బిడ్డతో సన్యాసమ్మ వీధిలోకి పరిగెత్తింది. చాప మీద నిద్రపోతున్న నూకరత్నం బయటికి రాలేదు.

మందాకిని వచ్చేసరికి శవాన్ని అరుగు మీద పడుకోబెట్టారు.

"నిప్పు వద్దని చెప్పాను కదా సన్యాసమ్మా!"

"పొయ్యి వద్దన్నారు, మానేశాం. దీపం వద్దన్నారు, మానేశాం. పసిగుడ్డుకి సాంబ్రాణి ఎయ్యడం కూడా నిప్పేననుకోనేదమ్మా. మీ అమ్మ మీకు ఎయ్యలేదేటి?"

వేసింది. మందాకిని శవం మీద చీర సర్దింది.

ఇంతలో కార్ఖానా వైపు నుంచి ఎర్రపొగ పల్చగా వీధిలోకి వచ్చింది. మందాకిని కంగారుగా సన్యాసమ్మ భుజం పట్టుకుంది. "బిడ్డతో పక్కింట్లోకి పద! అక్కడి గోడలు మింగుతాయి, తలుపు వేసుకో!"

సన్యాసమ్మ ఆ చేయి తీసేసింది. పమిట చెంగు తడిపి మనవడి ముక్కుకు అడ్డం పెట్టింది.

"ఇది కంటికి కనబడతాదమ్మా. కనబడితే పారిపోతాం. ఇంట్లో ఇన్నాళ్ళ పొగ పక్కనెట్టుకుని ఎలా పడుకోమంటారు?"

ఆమె వెనకే ఒక్కొక్క ఇంటి తలుపూ తెరుచుకుంది. చాపలు చంకన పెట్టుకుని, దగ్గుతూ, జనం ఆ పొగలోకే వచ్చారు.